ఏడో టేకు

నా పని లెక్కపెట్టడం.
గిన్నెలో వలిచిన రెబ్బలెన్ని, వలవనివెన్ని,
పొట్టు చాపకి ఎడమవైపా, కుడివైపా,
యోన్‌సిల్ ఉంగరం ఏ వేలికుంది.
షాటుకీ షాటుకీ మధ్య ప్రపంచం జరిగిపోకుండా
పెన్సిలుతో అదిమిపట్టి కూర్చుంటాను.

నామ్హే దీవి. నవంబరు.
కిమ్చీ పెట్టుకునే రోజులు గనక
ప్రతి వాకిట్లోనూ ఉప్పులో నానుతున్న క్యాబేజీ.
అద్దెకు తీసుకున్న ఇల్లు, కాళ్ళకి వెచ్చని నేల,
యూనిట్టంతా కలిపి ఆరుగురం.
కెమెరాని ఓ మూల నిలబెట్టారు. అది కదలదు.
"కదిలితే వాళ్ళు చూస్తారు" అంటుంది డైరెక్టరమ్మ.
వాళ్ళంటే ఎవరో చెప్పదు.

కథ కూడా పెద్దగా లేదు.
పెళ్ళయి పదకొండేళ్ళయిన యోన్‌సిల్
మొగుడికి చెప్పకుండా బస్సెక్కి
చిన్ననాటి నేస్తం గుమ్‌హ్వా ఇంటికొస్తుంది.
గుమ్‌హ్వాకి పెళ్ళి లేదు;
వద్దనుకుందో, కుదర్లేదో స్క్రిప్టులో రాయలేదు.
"ఏంటిలా?"
"వెల్లుల్లి కోసం."
అంతే. ఇద్దరూ కూర్చుని వలుస్తారు.
నాలుగో నిమిషంలో గుమ్‌హ్వా అడగాలి:
"ఆయనతో బాగానే ఉన్నావా?"
అక్కడ నేను ఎర్రగీత కూడా గీసుకున్నాను.

ఆరు టేకుల్లో అడిగింది.
ఆరుసార్లూ యోన్‌సిల్ "ఆఁ" అంది,
ఒకసారి నవ్వి, ఒకసారి ముక్కు ఎగబీల్చి.
టేకు టేకుకీ కొత్త పాయలు కావాలి;
వలిచినవన్నీ బకెట్లోకి,
మధ్యాహ్నం అన్నంలో, సూపులో, మా ఊపిరిలో అవే.
నిజానికి ఆ ఆడవాళ్ళిద్దరికీ
నిన్ననే పరిచయం.

ఏడో టేకులో గుమ్‌హ్వా ఆ మాట అడగలేదు.
మర్చిపోయిందో, మానుకుందో.
"నీ చొక్కా చెయ్యి తడుస్తోంది" అంది.
వేళ్ళకి వాసనని, మణికట్టుతోనే
దాన్ని మోచేతిదాకా తోసింది.
తర్వాత రెండోది.
యోన్‌సిల్ చంటిపిల్లలా చేతులు చాపి
అలాగే ఉండిపోయింది.
ఎవరూ ఏడవలేదు.
బయటెక్కడో ట్రాక్టరు ఆగి, మళ్ళీ స్టార్టయింది.
కట్ వినపడలేదు.
నా పెన్సిలు ఇరవై రెండు దగ్గర నిలిచిపోయింది.

ఇంచన్‌లో మా ఫ్లాటుకి బోక్‌హీ వచ్చిన రాత్రి
నేను అన్నీ అడిగాను.
ఏమైంది, ఏమన్నాడు, ముందు ఎవరన్నారు,
అత్తగారికి తెలుసా, డబ్బు విషయమా.
పక్కగదిలో మా ఆయన టీవీ సౌండు తగ్గించాడు.
బార్లీ టీ చల్లారేలోపే లేచింది.
ఏ సినిమాలో ఎవరి గుండీ ఎక్కడిదాకా పెట్టుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఆ రాత్రి తన వేలికి ఉంగరం ఉందో లేదో,
సంచి ఏ చేత పట్టుకుందో,
అసలు సంచి ఉందో లేదో
చూళ్ళేదు.

"ఏడోదే ఉంచుదాం."
"రెబ్బలు కలవవు మేడమ్.
తర్వాతి షాటులో నలభై ఉన్నాయి."
"ఎవరు లెక్కపెడతారు?"
రబ్బరు చెప్పులు వేసుకుని
ఆమె సిగరెట్టుకి వెళ్ళిపోయింది.

రాత్రి మా ఆయన మెసేజి:
వాషింగ్ మెషీన్లో దుప్పట్లకి ఏ బటను?
రెండోది, అని కొట్టాను.
కాసేపాగి, ముందు మూత వెయ్యి, అని కూడా.
తర్వాత, నాలుగేళ్ళుగా అడుగుకి జారిపోయిన పేరుని
వేలితో పైకి లాక్కుని:
వెల్లుల్లి చాలా మిగిలింది. వలిచిందే.
ప్రశ్న గుర్తు పెట్టలేదు.

మెసేజి పక్కన పసుపుపచ్చ ఒకటి అంకె.
తను చదివితే పోతుంది.
చీకట్లో వేళ్ళు వాసన చూసుకుంటూ
లెక్కపెడుతున్నాను.
ఒకటి.
ఇంకా ఒకటే.